కాల్డార్ అల్లిన వల, ప్రభుత్వం తీసుకున్న పోగులు

నల్లధనం మాట వస్తే మనకు ముందుగా గుర్తొచ్చేవి నోట్ల రద్దు, స్విస్ బ్యాంకులు, ఐటీ దాడులు. లెక్కకు రాని ఆదాయం ఎంత ఉంటుందో స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలోనే ఒక ఆర్థికవేత్త అంచనా కట్టి, అది తప్పించుకోలేని పన్నుల అమరికను కూడా గీసి ఇచ్చాడన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాదు.

ఆయన నికొలస్ కాల్డార్. బుడాపెస్ట్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పిన ఆయన, రెండో పంచవర్ష ప్రణాళికకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న ముందున్న రోజుల్లో, 1956 ఆరంభంలో, భారత ప్రభుత్వ కోరికపై ఇక్కడికి వచ్చి కొద్ది నెలల్లోనే నివేదిక ఇచ్చారు. 1953-54లో పన్నుకు చిక్కని ఆదాయం సుమారు 600 కోట్ల రూపాయలనీ, దానివల్ల ఖజానాకు ఏటా పడుతున్న గండి 200 నుంచి 300 కోట్లనీ ఆయన అంచనా. అప్పటికి ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు కాగితం మీద 90 శాతం దాటి ఉంది. అంత రేటు పెట్టి వసూలు చేయలేకపోవడం కన్నా, 45 శాతానికి దించి అందరి దగ్గరా రాబట్టడం మేలన్నది ఆయన వాదన.

అయితే రేటు తగ్గింపు ఆయన సలహాలో సగం మాత్రమే. మిగతా సగం నాలుగు కొత్త పన్నులు: సంపద మీద, ఆస్తి అమ్మకంలో వచ్చే లాభం మీద, బహుమతి మీద, వ్యక్తిగత ఖర్చు మీద. ఆదాయపు పన్నుతో కలిపి ఈ ఐదింటికీ ఒకే రిటర్ను ఉండాలన్నారు. కిటుకంతా అందులోనే ఉంది. ఒకాయన స్థలం అమ్మి, ధర తక్కువ చేసి చూపించాడనుకుందాం. అమ్మినవాడికి లాభం మీద పన్ను తగ్గుతుంది. కానీ కొన్నవాడు రేపు దాన్ని అమ్మబోయినప్పుడు, కొన్న ధర తక్కువగా నమోదైనందుకు ఆ పన్నంతా తానే మోయాలి. కాబట్టి అసలు ధర రాయించాలన్న పట్టుదల కొన్నవాడికే ఉంటుంది. దాచిన సొమ్ము కట్టడంలోకి వెళ్తే సంపద పన్ను, కూతురికి ఇస్తే బహుమతి పన్ను, జల్సాకు వాడితే ఖర్చు పన్ను పట్టుకుంటాయి. పోలీసు అక్కర్లేకుండా ఒకరి లెక్క మరొకరి లెక్కకు కాపలా కాసే ఏర్పాటు ఇది.

1957లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి సంపద పన్నునూ, ఖర్చు పన్నునూ తెచ్చారు. మరుసటి ఏడాది బహుమతి పన్ను వచ్చింది. ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును మాత్రం 84 శాతం దగ్గరే ఆపారు. పోగులు తీసుకున్నారు గాని వల అల్లలేదన్నమాట. రేటు ఎత్తున ఉన్నంతకాలం కొన్నవాడికీ అమ్మినవాడికీ కలిసి దాచుకోవడమే లాభసాటి. పైగా ప్రతి కొత్త పన్నూ మినహాయింపులతో చిల్లులు పడింది. ఖర్చు పన్ను 1962లో పోయి, 1964లో మళ్లీ వచ్చి, 1966లో శాశ్వతంగా పోయింది. (ఇదే కాల్డార్ సలహాతో బ్రిటిష్ గయానాలో పెట్టిన బడ్జెట్ 1962లో అల్లర్లకు దారితీసింది. ఇక్కడ అల్లర్ల అవసరం రాలేదు, మినహాయింపులే సరిపోయాయి.)

రేట్లు ఆ తర్వాత ఇంకా పెరిగాయి. 1970ల మొదట్లో పై శ్లాబులో గరిష్ఠ రేటు 97.75 శాతం: అదనంగా సంపాదించిన ప్రతి నూరు రూపాయల్లో చేతిలో మిగిలేది రెండుంపావు. మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.ఎన్. వాంఛూ నాయకత్వంలోని కమిటీ 1971 చివర్లో, కాల్డార్ పద్ధతినే అనుసరించి, 1968-69లో పన్ను ఎగ్గొట్టిన ఆదాయాన్ని 1,400 కోట్లుగా లెక్కించింది; రేటును 75 శాతానికి దించమంది. 1985లో శంకర్ ఆచార్య బృందం జాతీయ ప్రభుత్వ విత్త, విధాన సంస్థ తరఫున చేసిన అధ్యయనం, 1983-84కు నల్ల ఆదాయం జాతీయోత్పత్తిలో 19 నుంచి 21 శాతమని చెప్పింది. అప్పటికి ప్రశ్న పన్ను రేట్లతో ఆగలేదు. లైసెన్సు, పర్మిట్, ప్రభుత్వ పనుల కాంట్రాక్టు ఉన్న ప్రతిచోటా చేతులు మారే సొమ్ము కూడా లెక్కల బయటే ఉండాలి కనుక, ఎగవేతా లంచమూ ఒకదాన్నొకటి పోషిస్తాయని తేలింది. లంచం ఇవ్వడానికి నల్లడబ్బు కావాలి, పుచ్చుకున్నవాడికి దాన్ని దాచడానికి ఎగవేత కావాలి.

గరిష్ఠ రేటు 1985లో 50కి, 1997లో 30 శాతానికి దిగింది. అంటే కాల్డార్ అడిగిన 45 కన్నా కిందికే వచ్చింది. కానీ ఆ తర్వాత తక్కిన పోగులు తెగుతూ వచ్చాయి: బహుమతి పన్ను 1998లో, సంపద పన్ను 2015 బడ్జెట్‌తో రద్దయ్యాయి.

ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నిర్ణీత పరిమితి, ఆపైన విలువ గల స్థిరాస్తి దస్తావేజు జరిగితే, ఆ సమాచారం పాన్ నంబర్లతో సహా ఆదాయపు పన్ను శాఖకు చేరుతుంది. కొన్నవాడి వార్షిక సమాచార నివేదికలోనూ ఒక వరుసగా కనిపిస్తుంది. ఒకరి లెక్కతో మరొకరిది సరిచూడాలన్న కాల్డార్ ఆలోచనకు ఇది దగ్గరి చుట్టమే. అయితే ఆ వరుసలో ఉండేది దస్తావేజులో రాసిన విలువ. ‘వైట్ ఎంత, బ్లాక్ ఎంత’ అని బేరం కుదిరి, రిజిస్ట్రేషన్‌కు ముందే చేతులు మారిన నగదుకు అందులో గడి లేదు.