అల్లిక చేతులతో మ్యూజియంలోకి: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్గొండలో నేను ఊలు అల్లిక, క్రోషే నేర్పిస్తాను. నేర్చుకునేవాళ్లకు చేయి కాస్త తిరిగాక వాళ్లను మ్యూజియాలకు, చేనేత ప్రదర్శనలకు వెంటబెట్టుకొని పోతుంటాను. దారం ఎక్కడ మొదలై ఎటు పోయిందో కళ్లతో పట్టుకోవడం క్లాసులో కూర్చుంటే రాదు. బయల్దేరే ముందు మాత్రం కొన్ని మాటలు ప్రతిసారీ వినిపిస్తాయి.

అపోహ: బట్టలు చూడాలంటే అహ్మదాబాదో ఢిల్లీయో పోవాలి. మన దగ్గర ఉన్నవి రాళ్లే.

అహ్మదాబాద్‌లో 1949లో మొదలైన కాలికో మ్యూజియం గొప్పదే. వీలైతే తప్పకుండా చూడండి, కాకపోతే ముందుగా బుక్ చేసుకోవాలి. అలాగని మన రాళ్లను తక్కువ చేయకండి. నాగార్జునసాగర్ నీళ్ల మధ్య ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో వెళ్లండి. అక్కడివి క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల కాలపు శిల్పాలు. ముఖాలు, నగలు చూశాక నడుము దగ్గర ఆగండి. గుడ్డ ఎన్ని చుట్లు తిరిగింది, ముడి ఏ పక్కన పడింది, కుచ్చెళ్లు ఎటు జారాయి అన్నది చూడండి. ఎక్కువ బొమ్మల మీద కనిపించేది కుట్టని బట్ట, ఒంటికి చుట్టుకున్నది. ఆ శిల్పాల్లోనే మధ్య ఆసియా నుంచి వచ్చిన శకుల వేషంలో ఉన్న భటుడు ఒకడు కనిపిస్తాడు. చేతులున్న అంగీ, కాళ్లకు పైజామా, తలకు టోపీ. కత్తిరించి కుట్టిన బట్ట, చుట్టుకున్న బట్ట పక్కపక్కనే కృష్ణా తీరంలో దాదాపు 1700 ఏళ్ల నుంచి ఉన్నాయి. నాకు ఎంతో ఇష్టమైన శిల్పం అది.

నల్గొండ పక్కనే పానగల్, అటు అలంపూర్ మ్యూజియాల్లోనూ ఇదే కళ్లతో చూడండి. ఒక్క జాగ్రత్త ఉండాలి. అది నూలో పట్టో రాయి చెప్పదు. మడతలను శిల్పి తన పద్ధతిలో చెక్కుతాడు కాబట్టి ప్రతి గీతనూ కొలతగా తీసుకోకూడదు.

అపోహ: పాత మేజోడు కనిపిస్తే అది రెండు సూదుల అల్లికే.

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఎర్ర ఊలు మేజోళ్ల జత ఒకటి ఉంది. ఈజిప్టు తవ్వకాల్లో దొరికింది, క్రీ.శ. 3 - 5 శతాబ్దాల మధ్యది. చెప్పు పట్టీ దూరేలా బొటనవేలు విడిగా ఉంటుంది. ఫోటో చూసిన ఎవరైనా అల్లిక అనే అంటారు. ఇలాంటి వాటిని నిపుణులు కూడా చాలాకాలం అలాగే రాశారు. నిజానికి అది నాల్‌బైండింగ్ అనే మరో పని. అందులో బెజ్జం ఉన్న ఒకే సూది ఉంటుంది. ప్రతి ఉచ్చులోంచీ దారాన్ని కొస దాకా లాగాలి. అందుకే పొడుగు దారంతో కుదరదు, చిన్న ముక్కలను ఒకదానికొకటి కలుపుతూ పోతారు. మన అల్లికలో ఉండ నుంచి దారం తెగకుండా వస్తుంది, కొస లాగితే వరసలు వరసలుగా ఊడిపోతుంది. నాల్‌బైండింగ్ అలా ఊడదు.

అసలు అల్లికకు దొరికిన పాత నమూనాలు కూడా ఈజిప్టువే, కాకపోతే వెయ్యేళ్లకు అటూఇటుగా ఉంటాయి. నీలం, తెలుపు నూలుతో అల్లిన మేజోళ్లు వాటిలో ఉన్నాయి. ఊలు చలిదేశాల సరుకు, ఈ పని అక్కడే పుట్టిందనుకునే మా పిల్లలు నూలు అనగానే ఒక్కసారి తలెత్తి చూస్తారు.

అపోహ: లైట్లు సరిగ్గా వేయరు, చూపించడం మీద శ్రద్ధ లేదు.

శ్రద్ధ ఉంది కాబట్టే చీకటి. పాత బట్టల మీద వెలుతురు సుమారు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటకూడదన్నది మ్యూజియాలు పాటించే లెక్క. వెలుతురుకు రంగు వెలుస్తుంది, పోగు పెళుసవుతుంది. ఆ నష్టం ఏటికేడు పోగవుతుందే తప్ప తిరిగి పూడదు. కొన్నాళ్లు చూపించి లోపల పెట్టేయడం కూడా అందుకే. గదిలోకి వెళ్లాక రెండు నిమిషాలు ఊరికే నిలబడండి, కళ్లు సర్దుకుంటాయి. ఇంట్లో అమ్మమ్మ పట్టుచీరను ఎండలో ఆరేసే అలవాటుంటే ఇవాళే మానేయండి. నూలు చీరలను గంజి పెట్టి ఏళ్ల తరబడి బీరువాలో ఉంచొద్దు, గంజి కోసం సిల్వర్‌ఫిష్ పురుగులు చేరతాయి.

అపోహ: గద్వాల చీర అంచును విడిగా నేసి తర్వాత కుట్టేస్తారు.

లేదు. నూలు ఒడలు (చీర మధ్య భాగం), పట్టు అంచు మగ్గం మీదే కలుస్తాయి. పేకను, అంటే అడ్డదారాన్ని, అటూఇటూ పంపే నాడెలు మూడు ఆడతాయి. ఒడలు పేక, అంచు పేక కలిసే చోట ఒకదానిలో ఒకటి మెలిక పడి వెనక్కి తిరుగుతాయి. ప్రదర్శనలో గద్వాల చీర కనిపిస్తే కొంగు కన్నా ముందు ఆ గీత చూడండి.

అపోహ: ముట్టుకుంటే తప్ప బట్ట తెలియదు.

మ్యూజియంలో ముట్టుకోవద్దు. శుభ్రంగా కనిపించే చేతికీ చెమట, జిడ్డు ఉంటాయి. ముట్టుకోవాలని ఉంటే దానికి చోట్లు వేరే ఉన్నాయి. చేనేత ఎగ్జిబిషన్ స్టాళ్లలో అడిగి తిప్పి చూడొచ్చు. ఇక్కత్‌లో నేయక ముందే దారానికి అక్కడక్కడా బిగించి ముడులు వేసి (దీన్నే చిటికి కట్టడం అంటారు) రంగు అద్దుతారు కాబట్టి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. ప్రింటులో వెనకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. ఇంకా అనుమానముంటే కొంగు చివర వేలాడే పోగు చూడండి. ఒకే పోగు పొడవునా రంగులు మారుతూ, లోపలి దాకా పట్టి ఉంటే అది దారానికి అద్దిన రంగే.

అన్నిటికన్నా మంచి చోటు నేతగాళ్ల ఊరు పుట్టపాక. అక్కడ నేసే ఇక్కత్ బట్ట తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. ఎరుపు అంత లోతుగా పట్టేది అందువల్లే. పడుగు (నిలువు దారం), పేక రెండింటికీ ముందే రంగులద్ది, మగ్గం మీద చుక్కకు చుక్క కలిసేలా నేస్తారు. కొత్త రుమాలును ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వస్తుంది. ఏ అద్దాల పెట్టెలోంచీ ఇది అందదు. కాకపోతే అది వాళ్ల ఇల్లు, వాళ్ల పనివేళ. "అన్నా, చూడొచ్చా?" అని అడిగి, నాడె ఆగిన సమయంలో పలకరించండి. మేకుల చుట్టూ దారం లెక్కగా చుడుతూ ఆసు పోస్తున్న అక్కతో మాట కలిపేముందు ఆ వరస పూర్తయ్యేదాకా ఆగండి, మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుంది.