మూలికల పరీక్ష: తరాల అనుభవానికి అందినదీ, అందనిదీ

1775లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ చేతికి ఒక ఇంటి మందు వివరం వచ్చింది. ష్రాప్‌షైర్‌లో ఒక వృద్ధురాలు గుట్టుగా దాచుకున్న మందు అది. ఒళ్లంతా నీరు పట్టి, డాక్టర్లు చేతులెత్తేసిన వాళ్లకు కూడా దాంతో తగ్గేదట. ఇరవై దాకా మూలికలున్న ఆ మందులో పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఒక్కటేనని విదరింగ్ గ్రహించాడు. అసలు కష్టం ఆ తర్వాతే. మోతాదు కాస్త పెరిగితే వాంతులు, చూపు మసకబారడం, నాడి మందగించడం, చివరికి ప్రాణమే పోవడం. ఆకు బలం కోసిన కాలాన్ని బట్టి మారిపోయేది. అందుకని పూతకొచ్చిన మొక్క ఆకు కోసి, ఎండబెట్టి, పొడి చేసి, తూచి ఇచ్చాడు. 1785లో 150 మందికి పైగా రోగుల వివరాలు అచ్చు వేయించాడు. తగ్గనివాళ్ల సంగతి కూడా దాచకుండా రాశాడు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే.

నీరు దిగిందా లేదా అన్నది కొద్ది రోజుల్లో కంటికే కనిపిస్తుంది. ఇలాంటి చోట తరాల అనుభవాన్ని తేలిగ్గా తీసేయకూడదు. మలేరియా జ్వరమూ అంతే. మలేరియాకు మందు కోసం 1967లో చైనా మొదలుపెట్టిన రహస్య ప్రాజెక్టులో తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందం పాత వైద్య గ్రంథాలన్నీ తిరగేసింది. మాచిపత్రి కుటుంబానికి చెందిన ఒక మొక్క సారం ఒకసారి పనిచేసేది, ఇంకోసారి చేసేది కాదు. నాలుగో శతాబ్దపు గ్రంథంలో మాత్రం ఆ ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడికి గుణం పోతోందేమోనన్న అనుమానంతో ఆమె ఈథర్ వాడి, తక్కువ వేడి మీదే సారం తీసింది. 1971లో అది ఎలుకల్లో మలేరియా క్రిముల్ని పూర్తిగా అణిచేసింది. ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు పుట్టింది అలా. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

కంటికి కనిపించని చోట కథ వేరు. సర్పగంధను నిద్రకూ మతిచలనానికీ ఎప్పటినుంచో వాడేవారు. అది బీపీ తగ్గిస్తుందని 1931లో సేన్, బోస్ అనే భారతీయ వైద్యులు రాశారు. 1949లో రుస్తుం జాల్ వకీల్ తన రోగుల ఫలితాలు ప్రచురించాక ప్రపంచం పట్టించుకుంది. బీపీ కొలిచే పరికరం లేనిదే ఆ గుణం ఎవరికి తెలుస్తుంది?

కన్ను మోసపోయే సందర్భాలూ ఉన్నాయి. పచ్చకామెర్లకు నేల ఉసిరి వాడి తగ్గిందనేవాళ్లు ఎందరో. అయితే హెపటైటిస్ ఎ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి మందు లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉండిపోయిన వాళ్ల మీద మద్రాసులో చేసిన పరీక్ష 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ జాడ పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ఎంతో ఆశ పుట్టించిన ఫలితం అది! తర్వాత మరికొన్ని చోట్ల పరీక్షిస్తే అది మళ్లీ రాలేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం అరిస్టలోకియా. మనం ఈశ్వరి అనే తీగ ఈ కోవలోదే. యూరప్‌లోనూ చైనాలోనూ శతాబ్దాలుగా మందుగా వాడారు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి మాత్రలు మింగిన ఆడవాళ్లకు వరసగా కిడ్నీలు పాడయ్యాయి. వేరే మూలికకు బదులు అరిస్టలోకియా వాటిలో కలిసిందని తేలింది. కొందరికి కొన్నేళ్ల తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఎప్పుడో తిన్న వేరుకూ, ఏళ్ల తర్వాత వచ్చిన జబ్బుకూ ముడి వేయడం ఊళ్లో మందిచ్చే మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒకే ఊళ్లో ఇంతమంది ఒకేసారి ఆస్పత్రిలో చేరబట్టీ, వాళ్ల కిడ్నీ ముక్కను మైక్రోస్కోపు కింద చూసిన డాక్టర్లు ఆ రోగులంతా ఒకే మాత్రలు వాడారని గమనించబట్టీ ఆ సంగతి బయటపడింది.