గిటార్ చేసే ముందు బ్రిడ్జి కొనండి

వరంగల్‌లో సొంతంగా ఎలక్ట్రిక్ గిటార్ చేసుకోవాలనుకునే కుర్రాళ్లు మొదట పోయేది టింబర్ డిపోకే. మంచిర్యాల, ఆసిఫాబాద్ అడవుల టేకు పేరు ఇక్కడ ఇంటింటికీ తెలుసు. తలుపుకైనా మంచానికైనా టేకే కావాలంటాం, గిటార్‌కు మాత్రం వేరే ఆలోచన ఎందుకొస్తుంది? అలా బాడీ కోయించి, పాలిష్ పట్టించి, చివర్లో మిగిలిన డబ్బుతో బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం), తీగలు బిగించే ట్యూనింగ్ కీలు, తీగ కదలికను కరెంటుగా మార్చే పికప్పులు తెప్పిస్తారు. ఈ వరస తిరగబడాలని నేను గట్టిగా నమ్ముతాను. లోహపు సామాను ముందు చేతికి రావాలి. దాన్ని కొలిచాకే చెక్క మీద రంపం పెట్టాలి.

వీణలో తీగ కదలిక చెక్క కుండలోకి దిగి గాలిని కదిలిస్తుంది. మనం వినేది ఆ గాలి కదలికనే. ఎలక్ట్రిక్ గిటార్ సంగతి వేరు. పికప్పులో అయస్కాంతం ఉంటుంది, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన ఉక్కు తీగ ఊగినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది, రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. పికప్పు పట్టుకునేది తీగ కదలికను. నైలాన్ తీగ వేస్తే ఎంత గొప్ప చెక్క అయినా ఆంప్లిఫయర్ మూగగా ఉంటుంది. చెక్క ప్రభావం అసలు లేదని నేను అనను. తీగ ఎంతసేపు మోగుతుందన్నది దాన్ని పట్టుకున్న వాటి గట్టిదనం మీద కూడా ఆధారపడుతుంది. కానీ బాడీ మొదటి పని తీగ రెండు కొసలనూ కదలకుండా పట్టుకోవడం. మామూలు సెట్టు ఆరు తీగలూ కలిసి దాదాపు 45 కిలోల బరువుతో సమానంగా లాగుతాయి, రాత్రీ పగలూ.

ఆ కొసలు కదిలితే ఏమవుతుందో తొలి ఎలక్ట్రిక్ గిటార్లలోనే కనబడుతుంది. 1930ల మొదట్లో అమెరికాలో రికెన్‌బ్యాకర్ కంపెనీ అమ్మిన ‘ఫ్రయింగ్ పాన్’ గిటార్ బాడీ, మెడ పోత పోసిన అల్యూమినియం. అల్యూమినియం వేడికి ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. వేడెక్కిన కొద్దీ బాడీ తీగల్ని లాగుతుంది, శ్రుతి పైకి పోతుంది. 1935 నాటికి అదే కంపెనీ బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్ బాడీతో ఇంకో గిటార్ తెచ్చింది.

చెక్కతో సమస్య ఎదురు దిక్కులో వస్తుంది. నార వెంట చెక్క వేడికి చాలా తక్కువ సాగుతుంది, ఉక్కు అంతకన్నా ఎక్కువ సాగుతుంది. కాబట్టి తీగ వదులవుతుంది. మే నెలలో ఏసీ గదిలో శ్రుతి చేసుకుని హన్మకొండలో ఏ ఓపెన్ స్టేజీ మీదకో ఎక్కారనుకోండి, తీగ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరగడం పెద్ద విషయం కాదు. లెక్క వేస్తే, 0.010 అంగుళాల మందం ఉన్న మొదటి తీగ అర్ధస్వరంలో పదో వంతు మేర దిగుతుంది. 0.017 అంగుళాల మూడో తీగ మాత్రం పావు వంతుకు పైగా దిగుతుంది. తేడా ఎక్కడిది? రెండిటి మీదా లాగుడు ఇంచుమించు సమానమే. కానీ లావు తీగ గట్టిది, అంత లాగుడుకు కొంచెమే సాగి ఉంటుంది. వేడికి వచ్చే రవ్వంత సడలింపు, ఆ కొంచెం సాగుడులో పెద్ద భాగం. సన్న తీగ బాగా సాగి ఉంది కాబట్టి దానికి అదే సడలింపు లెక్కలోకి రాదు. ఈ మూడో తీగనే జీ తీగ అంటారు. ‘జీ తీగ ఎప్పుడూ శ్రుతి తప్పుతుంది’ అని గిటారిస్టులు వాపోయేదానికి ఇదొక పెద్ద కారణం. ఎంత ఖరీదైన కీలు బిగించినా ఈ భాగం పోదు.

బ్రిడ్జి ఎంపికలోనూ ఇదే గట్టిదనం ఎదురవుతుంది. ఫ్రెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) మీద వేలు నొక్కితే తీగ కొద్దిగా సాగుతుంది, స్వరం కొద్దిగా పైకి పోతుంది. గట్టి తీగకు అది ఎక్కువ. వీణ చేసేవారు మెట్లను మైనంలో కూర్చి, చెవితో విని జరిపి సరిచేస్తారు. గిటార్‌లో ఫ్రెట్లు ఫింగర్‌బోర్డులో దిగగొట్టి ఉంటాయి, జరగవు. అందుకని బ్రిడ్జిలో ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మెను, అంటే శాడిల్‌ను, వెనక్కి జరిపి, తీగ పొడవు కాస్త పెంచి సరిపెట్టాలి. మూడో తీగ శాడిల్ రెండోదాని కన్నా వెనక్కి ఉండటం మీరు చూసే ఉంటారు. కాబట్టి ఆరు తీగలకూ ఆరు శాడిళ్లు విడివిడిగా జరిగే బ్రిడ్జే కొనండి. ఒకే పట్టీ మీద ఆరు తీగలూ ఆనే చవక బ్రిడ్జి అందంగా ఉన్నా వద్దు.

బ్రిడ్జి ఎత్తు కూడా ముందే తెలియాలి. ఫెండర్ తరహా బల్లపరుపు బ్రిడ్జి బాడీకి దగ్గరగా కూర్చుంటుంది, మెడను వంచకుండా తిన్నగా బిగిస్తే చాలు. 1950ల్లో గిబ్సన్ తెచ్చిన ట్యూన్-ఓ-మాటిక్ రెండు స్తంభాల మీద ఎత్తుగా నిలబడుతుంది, దానికి మెడను కొన్ని డిగ్రీలు వెనక్కి వంచాలి. మెడ గాడి కోసేశాక ఈ సంగతి తెలిస్తే ఆ చెక్క పనికిరాదు. అలాగే రెండు అంచు తీగల మధ్య దూరం బ్రిడ్జిని బట్టి 50 నుంచి 56 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. పికప్పు మీది అయస్కాంతపు గుండీలు, మెడ వెడల్పు దానికి కుదరాలి. ట్యూనింగ్ కీల రంధ్రాలు కూడా ఒక రకానికి 10 మిల్లీమీటర్లు ఉంటే ఇంకో రకానికి అంతకన్నా తక్కువ. వడ్రంగికి బొమ్మ గీసి ఇవ్వడం కాదు, సామానే చేతిలో పెట్టాలి.

మీట నొక్కి తీగల శ్రుతిని ఊగించే ట్రెమొలో బ్రిడ్జి మీద మోజు నాకు అర్థమవుతుంది. అయినా మొదటి గిటార్‌కు వద్దంటాను. తేలే ట్రెమొలో ఒక వైపు తీగల లాగుడుకు, ఇంకో వైపు స్ప్రింగుల లాగుడుకు మధ్య నిలబడుతుంది. ఒక తీగ బిగిస్తే మిగతా అయిదూ వదులవుతాయి, ఒకటి తెగితే మిగతావన్నీ పైకి పోతాయి. మన ఎండకు ఆరు తీగలూ ఒకేసారి సడలినప్పుడు ఆ బ్రిడ్జి కూడా వెనక్కి వాలుతుంది. కదలని బ్రిడ్జితో గిటార్ నేర్చుకున్నాక దాని సంగతి చూడొచ్చు.

శ్రుతి నిలవకపోతే అందరూ కీలను తిడతారు. కీలో ఉన్నది స్క్రూ లాంటి పన్ను, దాన్ని పట్టుకున్న పళ్ల చక్రం. మీరు తిప్పితే చక్రం తిరుగుతుంది, తీగ ఎంత లాగినా స్క్రూ వెనక్కి తిరగదు. 14:1, 18:1 అనే అంకెలు ఎంత సున్నితంగా తిప్పొచ్చో చెబుతాయంతే. అసలు నేరం చాలాసార్లు నట్‌ది. మెడ చివర తీగలు ఆనే ఆ చిన్న పట్టీ గాడి ఇరుకుగా ఉంటే తీగ అందులో ఇరుక్కుంటుంది. కీ తిప్పినా కదలదు, ఇంకాస్త తిప్పితే ‘టిక్’ మని ఒక్కసారిగా దూకుతుంది. బోలు ప్లాస్టిక్ నట్ తీసేసి ఎముక ముక్క తెచ్చుకోండి, గాడిని తీగ కన్నా రవ్వంత వెడల్పుగా, నున్నగా అరగదీయండి. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. గిటార్ మొత్తంలో ఇంత ఫలితం ఇచ్చే పని ఇంకోటి నాకు తెలియదు.

ఇక టేకు. మంచిదే, గట్టిది, స్క్రూను బాగా పట్టుకుంటుంది. బరువు మాత్రం ఎక్కువ. దానిలోని సిలికా, గాడులు తొలిచే రూటర్ బ్లేడు పదును తీసేస్తుంది, నూనె జిగురును అంటనివ్వదు. అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. తేలికగా ఉంటుందని నిర్మల్ బొమ్మల పొనికి చెక్క ఎవరైనా సూచిస్తే ఒప్పుకోవద్దు. బొమ్మకు ఉండాల్సిన మెత్తదనమే బ్రిడ్జి స్క్రూకు శత్రువు.

వైరింగ్‌లో తప్పుకు తావు తక్కువ. ఒకే రాగి చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్పుకు 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే తిప్పుడు మీట), రెండు చుట్టలున్న హంబకర్ పికప్పుకు 500 అని వాడుక. ఎలక్ట్రానిక్స్ షాపులో 500కు బదులు 470 దొరికితే నిశ్చింతగా వాడండి, చెవికి తేడా తెలియదు. సింగిల్ కాయిల్ మన 50 హెర్ట్జ్ కరెంటు గుయ్‌మనే మోతను కూడా పట్టేస్తుంది. ఒకదానికొకటి ఎదురుగా కలిపిన రెండు కాయిళ్లతో ఆ మోతను కొట్టేసే హంబకర్‌ను 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ తయారు చేశాడు. ట్యూబులైట్లు, ఇన్వర్టర్లు ఉన్న గదుల్లో వాయించేవాళ్లకు నా ఓటు దానికే.

ఒక్క వైరు మాత్రం మరచిపోకూడదు, బ్రిడ్జి నుంచి జాక్ (కేబుల్ గుచ్చే రంధ్రం) ఎర్త్‌కు వెళ్లేది. దానితో మోత తగ్గుతుంది. కానీ అప్పుడు గిటార్ తీగలు, వాటి మీద మీ వేళ్లు, ఆంప్లిఫయర్ ఎర్త్‌తో కలిసిపోతాయి. మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గుతో, ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నడిచే పందిళ్లు మన దగ్గర ఎన్నో. అలాంటి చోట ఆంప్లిఫయర్‌లోనో మైకు వైపో లోపం ఉంటే, చేతులు తీగల మీద, పెదవులు మైకుకు తగిలిన క్షణంలో కరెంటు మనిషి గుండా పోతుంది. 1972లో బ్రిటన్‌లో లెస్ హార్వీ అనే గిటారిస్టు, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. కొత్త గిటార్‌ను మొదటిసారి ప్లగ్ చేసే ముందు మల్టీమీటర్‌తో తీగకూ జాక్ ఎర్త్‌కూ మధ్య బీప్ వస్తుందో లేదో చూడండి. ఆ తర్వాత గోడ సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఎర్త్ లేదని తేలితే ఆ రోజు ఆంప్లిఫయర్ పెట్టకండి.