రౌండ్ టేబుల్ వద్ద డాక్టర్ అన్సారీకి చోటెందుకు దక్కలేదు?

1931 సెప్టెంబరులో గాంధీజీ, భారత రాజ్యాంగ సంస్కరణలపై బ్రిటిష్ ప్రభుత్వం జరిపిన రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ చేరినప్పుడు, తనతో పాటు ఉండాలని ఆయన గట్టిగా కోరుకున్న కాంగ్రెస్ నాయకుడు డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ స్వదేశంలోనే ఉండిపోయారు. ప్రతినిధులను ఎంపిక చేసే అధికారం ప్రభుత్వానిది. అన్సారీని పిలిస్తే మిగతా ముస్లిం ప్రతినిధులు ఒప్పుకోరని వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడు ఫజ్లీ హుస్సేన్ అడ్డు చెప్పగా, వైస్రాయ్ విల్లింగ్‌డన్ ఆ మాటకే విలువిచ్చారు. అక్టోబరు 8న మైనారిటీల ఉపసంఘంలో గాంధీజీ లేచి, మతవర్గాల మధ్య రాజీ కుదర్చలేకపోయానని ఒప్పుకోవలసి వచ్చింది. సర్ అలీ ఇమామ్ వంటి ఒకరిద్దరు తప్ప, ముస్లిం సీట్లకు ముస్లింలే ఓటు వేసే ప్రత్యేక నియోజకవర్గాలు వద్దనే ముస్లింలు ఆ సభలో లేరు.

అన్సారీ ముస్లింల ప్రతినిధి కారన్న వాదన ఎంత బలహీనమైనదో ఆయన జీవితమే చెబుతుంది. 1880లో ఘాజీపూర్ జిల్లా యూసుఫ్‌పూర్‌లో పుట్టిన ఆయనది హకీముల ఇల్లు. అన్నగారు అబ్దుల్ వహాబ్ చూపు లేకపోయినా నాడి పట్టి రోగాన్ని చెప్పగల యునానీ వైద్యుడిగా, ‘హకీం నాబీనా’ అన్న పేరుతో ప్రసిద్ధులు. తమ్ముడు మాత్రం ఇంగ్లీషు వైద్యం వైపు వెళ్లారు. కుటుంబం హైదరాబాద్‌కు తరలి రావడంతో ఆయన చదువు దక్షిణాదిలో సాగింది. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, నిజాం ప్రభుత్వ ఉపకార వేతనంతో బ్రిటన్ వెళ్లి, ఉన్నత పట్టాలు పొంది, లండన్ ఆసుపత్రుల్లో శస్త్రవైద్యుడిగా పనిచేశారు. 1910లో తిరిగొచ్చి ఢిల్లీలో స్థిరపడ్డారు.

రెండేళ్లకే బాల్కన్ యుద్ధం వచ్చింది. గాయపడిన టర్కీ సైనికులకు చికిత్స చేసేందుకు ఆయన నాయకత్వంలో ఒక వైద్య బృందం 1912 డిసెంబరులో బయలుదేరింది. బాగా నడుస్తున్న ప్రాక్టీసును వదిలి, నెలల తరబడి యుద్ధభూమికి దగ్గరలో గాయాలకు కట్లు కట్టిన ఆ మనిషినే, ఇరవై ఏళ్లు తిరగకుండా, ముస్లింల తరఫున మాట్లాడే అర్హత లేదని పక్కన పెట్టారు. ఈ చరిత్రలో అన్నింటికన్నా బాధ కలిగించే విషయం నాకిదే.

ప్రత్యేక నియోజకవర్గాల వివాదానికి మూలం 1909 నాటి మింటో–మార్లే సంస్కరణల్లో ఉంది. వాటితో ముస్లిం సీట్లకు ముస్లింలే ఓటు వేసే పద్ధతి వచ్చింది. 1916లో ముస్లిం లీగ్‌తో చేసుకున్న లక్నో ఒప్పందంలో కాంగ్రెస్ దానికి అంగీకరించింది. రెండు సంస్థలూ ఒక్క తాటి మీదకు రావడమే ముఖ్యమని అన్సారీ కూడా ఆ ఒప్పందాన్ని బలపరిచారు. 1918లో ఢిల్లీ ముస్లిం లీగ్ మహాసభకు ఆహ్వాన సంఘాధ్యక్షుడిగా ఆయన చేసిన ప్రసంగాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1920లో నాగపూర్ లీగ్ సభకు అధ్యక్షత వహించారు. అదే ఏడాది అక్టోబరులో జామియా మిల్లియా విద్యాసంస్థను ప్రారంభించిన దేవ్‌బంద్ మత విద్యాలయ పెద్ద మహమూద్ హసన్, నెల రోజుల తర్వాత కన్నుమూసింది అన్సారీ ఇంట్లోనే. ఉలేమాలకు, అంటే ముస్లిం మత పండితులకు, అన్సారీ పరాయివారు కారు.

టర్కీ ఖలీఫా పదవిని కాపాడాలని సాగిన ఖిలాఫత్ ఉద్యమం వేడి చల్లారాక మత ఘర్షణలు పెరిగాయి. వాయవ్య సరిహద్దులోని కోహాట్ అల్లర్ల తర్వాత 1924 సెప్టెంబరులో గాంధీజీ ఢిల్లీలో 21 రోజుల ఉపవాసానికి కూర్చున్నప్పుడు ఆయన ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉన్నది అన్సారీయే. చివరి రోజు ఖురాన్ వాక్యాలు, క్రైస్తవ గీతం, ఉపనిషత్ శ్లోకాలు వినిపించాక, నారింజ రసం అందించింది కూడా ఆయనే.

1927 డిసెంబరులో మద్రాసు కాంగ్రెస్‌కు అధ్యక్షుడైన అన్సారీ, మరుసటి ఏడాది అఖిలపక్ష సమావేశాలకు అధ్యక్షత వహించారు. ఉమ్మడి నియోజకవర్గాలు, మైనారిటీలకు రిజర్వుడు సీట్లు అన్న మోతీలాల్ నెహ్రూ సంఘం నివేదికను మనస్ఫూర్తిగా సమర్థించారు. కలకత్తాలో ఆ నివేదికకు జిన్నా కోరిన సవరణలు వీగిపోవడంతో దారులు చీలిపోయాయి. ఖిలాఫత్ నాయకులైన అలీ సోదరులు దూరమయ్యారు. అన్సారీ 1929లో జాతీయవాద ముస్లిం పార్టీని నిలబెట్టడానికి పూనుకున్నారు.

అయితే ఆయన కాంగ్రెస్ చెప్పిందానికల్లా తలూపిన మనిషి కారు. 1930 ఫిబ్రవరిలో గాంధీజీకి రాసిన ఉత్తరంలో 1920 నాటి పరిస్థితిని అప్పటి పరిస్థితితో పోల్చి, హిందూ ముస్లిం సఖ్యత అట్టడుగుకు చేరిన వేళ శాసనోల్లంఘన తగదని స్పష్టం చేశారు. గాంధీజీ ఆ సలహా తీసుకోలేదు. అయినా అదే ఏడాది అన్సారీ జైలుకు వెళ్లారు. తన మాట చెల్లకపోయినా సహచరులను విడిచిపెట్టని ఆ నిబద్ధతను మన పాఠ్యపుస్తకాలు ఎప్పుడూ సరిగా చెప్పలేదు.

1931లో అప్పటి వైస్రాయ్ ఇర్విన్‌తో చర్చలు జరిగినన్నాళ్లూ గాంధీజీ బస దర్యాగంజ్‌లోని అన్సారీ ఇల్లు దారుస్సలాం. మార్చి 4 రాత్రి ఆ ఇంట్లో నాయకులు అర్ధరాత్రి దాకా ఎదురుచూసి నిద్రపోయారు. రెండు గంటల వేళ గాంధీజీ తిరిగొచ్చాక వారిని లేపి, ఒప్పందం కుదిరిందని చెప్పారు. ఆ ఒప్పందం ఫలితంగా కాంగ్రెస్ పాల్గొన్న లండన్ సభకే ఇంటి యజమానికి పిలుపు రాలేదు.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అనే నిర్ణయం ప్రత్యేక నియోజకవర్గాలను ఖాయం చేసింది. 1934లో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డుకు నాయకత్వం వహించిన అన్సారీకి అవార్డు సూత్రం నచ్చదు; కానీ దాన్ని తిరస్కరిస్తే ముస్లింలు కాంగ్రెస్‌కు మరింత దూరమవుతారని భయపడ్డారు. అంగీకరించము, తిరస్కరించము అన్న కాంగ్రెస్ వైఖరి ఆ సంకటం నుంచే పుట్టింది. దాన్ని సహించలేక కాంగ్రెస్ నాయకులు మాలవీయ, అణే బయటికి వెళ్లారు. ఒకవైపు లీగ్, మరొకవైపు మాలవీయ వర్గం. మధ్యలో నిలబడ్డ అన్సారీ ఆరోగ్యం అప్పటికే దెబ్బతిన్నది.

జామియా వ్యవస్థాపకుల్లో ఒకరైన హకీం అజ్మల్ ఖాన్ మరణించాక జామియా బాధ్యతను అన్సారీ చివరిదాకా మోశారు. 1935 మార్చి 1న ఢిల్లీ ఓఖ్లాలో కొత్త ప్రాంగణానికి శంకుస్థాపన చేసే గౌరవాన్ని పెద్దలెవరూ తీసుకోలేదు. విద్యార్థులందరిలోకి చిన్నవాడి చేత రాయి వేయించారు. మరుసటి ఏడాది మే నెలలో ముస్సోరీ నుంచి ఢిల్లీ వస్తుండగా రైల్లోనే అన్సారీకి గుండె ఆగింది. ఆ ఓఖ్లా నేలలోనే ఆయనను ఖననం చేశారు.