గేమ్ డబ్బా అసలు రేటు

ఒంగోలు,
కర్నూలు రోడ్డు.

చిరంజీవులు పెద్దోడికి, బుజ్జమ్మకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న ఆదివారం ఫోనులో మీరిద్దరూ కొట్టుకున్న కొట్లాట ఇంకా నా చెవుల్లో మోగుతూనే ఉంది. పెద్దోడేమో ప్లేస్టేషన్ అనే గేమ్ డబ్బా కొనాలంటాడు, బుజ్జమ్మేమో ఎక్స్‌బాక్స్ అంటుంది. మధ్యలో మీ నాన్న ఫోను లాక్కుని, "నువ్వే తేల్చు నాన్నా, సంక్రాంతికి డబ్బులిచ్చేది నువ్వేగా" అని నా నెత్తిన పెట్టాడు. ఫోనులో చెప్పబోతే సగంలోనే "సరే తాతా" అని పెట్టేస్తారు. అందుకే కాగితం తీశాను.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. 2002 నుంచి ఓ ఆరేళ్లపాటు ట్రంకు రోడ్డు పక్క సందులో నాకు వీడియో గేమ్స్ కొట్టు ఉండేది. టీవీ రిపేర్లు తగ్గిపోతున్న రోజులవి. పొద్దున్నే పినాకిని ఎక్కి చెన్నై వెళ్లి, రెండు పీఎస్2లు, అంటే ప్లేస్టేషన్ 2 డబ్బాలు, రెండు పాత టీవీలు పట్టుకొచ్చాను. దారి పొడుగునా డబ్బాలు ఒళ్లోనే పెట్టుకున్నాను. మీ నాన్న కాలేజీ ఫీజుల్లో కొంత ఆ కొట్టు కట్టిందే.

మొదట్లో గంటకు పది రూపాయలు. ఏడాది తిరక్కుండానే ఎదురుగా ఇంకొకాయన తెరిచాడు. ఆయన బావమరిది అమెరికా నుంచి పంపిన రెండు ఎక్స్‌బాక్సులు పెట్టాడు. అవి 110 వోల్టుల మిషన్లు కాబట్టి ఒక్కోదాని పక్కన ఇటుకరాయంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఎండాకాలం అది కుయ్‌మంటూ సెగలు కక్కుతుంటే పిల్లలు దాని దగ్గర కూర్చోవడానికి కొట్టుకునేవాళ్లు కాదు, దూరంగా కూర్చోవడానికి కొట్టుకునేవాళ్లు. తెర మీద బొమ్మ మాత్రం నాదానికంటే శుభ్రంగా ఉండేది. అది ఒప్పుకోవాలి.

ఆయన అట్టముక్క మీద 'గంట 8 రూ.' అని రాసి వేలాడదీశాడు. నేనూ ఎనిమిది చేశాను. ఆయన ఏడన్నాడు. నేను రోషానికి పోయి ఆరు రాశాను. నెలాఖరున కరెంటు బిల్లు, అద్దె లెక్క చూసుకుంటే ఇద్దరికీ మిగిలింది సున్నా.

అప్పుడు మీ నాయనమ్మ కొట్లో ఒక మూల చిన్న ఫ్రిజ్ పెట్టించింది. నిమ్మకాయ సోడా, కూల్‌డ్రింకులు, పొట్లాలు కట్టిన వేయించిన వేరుశెనగ గింజలు. ఆడేవాడికి గొంతు ఎండుతుంది, చెయ్యి ఖాళీ అయితే నోరు ఆడుతుంది. గంట ఆరుకే వదిలేశాను. ఆట మీద పోయింది సోడాల మీద వచ్చింది. ఆ నెల నుంచి కొట్టు నిలబడింది.

ఇంకో సంగతి కూడా ఉంది. పీఎస్2లో ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవాలంటే మెమరీ కార్డు కావాలి. అగ్గిపెట్టెంత నల్ల ముక్క, 8 ఎంబీ. నా దగ్గరికొచ్చే పిల్లలు తలా ఒకటి కొనుక్కుని, దాని మీద బాల్‌పెన్నుతో పేరు రాసుకుని, చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాళ్లు. ఎదురుకొట్టు ఎక్స్‌బాక్సుకు లోపలే 8 జీబీ హార్డ్‌డిస్కు ఉంది, కార్డుతో పనే లేదు. మిషనుగా చూస్తే అదే మేలు. కానీ రెండు నెలల ఆట జేబులో పెట్టుకుని తిరిగేవాడు రూపాయి మిగులుతుందని అటు పోయి మళ్లీ మొదటి నుంచి ఎందుకు మొదలుపెడతాడు? వాడు కదలకపోతే వాడితో కలిసి ఆడే నలుగురూ కదలరు. ఆయన రేటు తగ్గించినా నా కొట్టు ఖాళీ కాకపోవడానికి నా తెలివి కారణమని అప్పట్లో అనుకున్నాను. ఆ కార్డు ముక్క చేసిన పని అది.

మీరు ఎవరి తరఫున తిట్టుకుంటున్నారో ఆ కంపెనీలు, ప్లేస్టేషన్ చేసే సోనీ, ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్, ప్రపంచమంతా చేసేది కూడా ఈ సోడా పనీ, ఈ కార్డు పనీనే.

వాళ్లకు డబ్బా మీద మిగిలేది తక్కువ, కొన్నిసార్లు చేతి నుంచే పడుతుంది. 2006లో పీఎస్3 అమెరికాలో వచ్చినప్పుడు పెద్ద మోడల్ రేటు 599 డాలర్లు. ఐసప్లై అనే సంస్థ దాన్ని విప్పి ముక్క ముక్కకూ లెక్కగట్టి, తయారీకే సుమారు 840 డాలర్లు అవుతోందని చెప్పింది. మైక్రోసాఫ్ట్ సంగతి ఇంకా విడ్డూరం. 2021లో ఎపిక్, ఆపిల్ కంపెనీల కేసులో సాక్ష్యం చెప్పిన మైక్రోసాఫ్ట్ అధికారి, ఎక్స్‌బాక్స్ డబ్బాలను తాము ఎన్నడూ లాభానికి అమ్మలేదని కోర్టులోనే చెప్పింది.

మరి ఎట్టా బతుకుతారంటారా? మీరు కారులో వచ్చేటప్పుడు టంగుటూరు టోల్‌గేటు తగులుతుంది చూడండి. డబ్బా అనేది వాళ్లు వేసిన రోడ్డు. గేము ఎవరు తయారుచేసినా ఆ రోడ్డెక్కాలంటే గేటు కట్టాలి. వాళ్ల ఆన్‌లైన్ షాపులో మీరు వంద పెట్టి కొంటే ముప్పై దాకా గేటుకే పోతుంది. నలుగురితో ఆన్‌లైన్‌లో ఆడాలంటే చాలా గేములకు చందా వేరే. రెండో కంట్రోలర్ వేరే. రోడ్డు మీద జనం ఎక్కువుంటే గేమ్ కంపెనీలు వాటంతటవే వస్తాయి. గేములుంటే జనం వస్తారు. అందుకే మొదటి ఏడాది డబ్బాను నష్టానికైనా ఇళ్లలోకి తోస్తారు.

రేటు ఒక్కటే ఎంత పని చేస్తుందో చెప్పే ముచ్చట ఒకటుంది, నాకు బో ఇష్టం. 1995 మే నెల, లాస్ ఏంజిలిస్‌లో గేమ్ కంపెనీల పెద్ద ప్రదర్శన. సెగా అప్పటికి గట్టి కంపెనీ. వాళ్ల మనిషి స్టేజీ ఎక్కి, శాటర్న్ డబ్బా సెప్టెంబరులో కాదు, ఇవాళ్టి నుంచే అమ్మకానికి వచ్చేసింది, రేటు 399 డాలర్లు అని చెప్పాడు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. తర్వాత సోనీ వంతు వచ్చింది. సోనీకి ప్లేస్టేషనే మొదటి డబ్బా. స్టీవ్ రేస్ అనే అధికారిని పిలిచారు. ఆయన మైకు దగ్గరికొచ్చి, "299" అన్నాడు. అంతే, వెళ్లి కూర్చున్నాడు. ఉపన్యాసం లేదు, దండలు లేవు. హాలంతా చప్పట్లు.

సెగా దెబ్బ అక్కడితో ఆగలేదు. ముందే అమ్మకానికి పెట్టిన సరుకు కొన్ని షాపులకే ఇచ్చారు. మిగతా షాపుల వాళ్లకు ఒళ్లు మండింది. గేములు తయారుచేసేవాళ్లు సెప్టెంబరని నమ్మి పని చేసుకుంటున్నారు, వాళ్ల దగ్గర సరుకే సిద్ధంగా లేదు. పెళ్లి ముందుకు జరిపారు గానీ వంటవాడికి చెప్పలేదు. సెగా 1999లో అమెరికాలో డ్రీమ్‌కాస్ట్‌ను 199 డాలర్లకే తెచ్చి గట్టిగానే ప్రయత్నించింది. 2001లో డబ్బాల తయారీ మానేసింది. ఇప్పుడు ఒకప్పటి శత్రువుల డబ్బాలకు గేములు చేసి అమ్ముకుంటోంది.

చిత్రం ఏమిటంటే, 299 అని చెప్పి గెలిచిన సోనీయే పదకొండేళ్ల తర్వాత ఆ 599 పెట్టి తలనొప్పి తెచ్చుకుంది. అదే ఏడాది నింటెండో 249 డాలర్లకు వీ అనే డబ్బా తెచ్చింది. దాని బొమ్మ పాతకాలం బొమ్మ. కానీ చెయ్యి ఊపితే టెన్నిస్ ఆడొచ్చు, ముసలివాళ్లు కూడా ఆడొచ్చు. నింటెండో దాన్ని నష్టానికి అమ్మలేదు, మొదటి రోజు నుంచీ డబ్బా మీదే లాభం. 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 రెండూ ఎనిమిది కోట్లు దాటాయి గానీ దాన్ని అందుకోలేదు. కాబట్టి పెద్దోడా, "మాది పవర్‌ఫుల్" అని చెల్లెలి మీద అరవబాకు.

2013లో ఇదే కథ తిరగబడింది. మైక్రోసాఫ్ట్ తన కొత్త ఎక్స్‌బాక్స్‌ను కెమెరాతో కలిపి 499 అంది, సోనీ పీఎస్4ను 399 అంది. ఏడాది తిరిగేలోపు మైక్రోసాఫ్ట్ కెమెరా తీసేసి 399కి దిగింది. ముందే కొన్నవాడు ఏమనుకుంటాడు? 2011లో నింటెండో చేతిలో పట్టుకుని ఆడే తన 3డీఎస్ రేటు 250 నుంచి 170 డాలర్లకు దించినప్పుడు మాత్రం ఆ పని మర్యాదగా చేసింది. ముందు కొన్నవాళ్లకు ఇరవై గేములు ఉచితంగా ఇచ్చింది. వాళ్ల ప్రెసిడెంటు ఇవాటా తన జీతం సగానికి కోసుకున్నాడు.

ఇక మన దేశం సంగతి. ఆ 399 డాలర్ల పీఎస్4 అప్పటి రూపాయి లెక్కన పాతికవేలు కావాలి. మన దగ్గర 39,990కి దిగింది. నలభై వేలనకుండా పది తగ్గించి పెట్టడం బాటా రేటు, అది వదిలేయండి. సుంకాలు, పన్నులు, మధ్యలో పంపిణీదారు వాటా ఉంటాయి. దానికి తోడు నాలాంటి వాళ్లు. నా పీఎస్2లకు కాపీ డిస్కులు కూడా ఆడేట్టు చెన్నైలోనే చిప్ కొట్టించి తెచ్చాను. ఒరిజినల్ డిస్కు వెయ్యిన్నర, కాపీ డిస్కు యాభై. ఆరేళ్లలో ఒక్క ఒరిజినల్ కూడా కొనలేదు. అంటే టోల్‌గేటు పక్కనున్న పొలంలో నుంచి బండి తోలుకుపోయాను. గేటు దగ్గర డబ్బు రాని చోట డబ్బాను నష్టానికి ఎవడు అమ్ముతాడు?

ఇప్పుడు ఆ పొలాల దారి మూసేస్తున్నారు. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు డిస్కు మోడల్ 49,990, డిజిటల్ మోడల్ 39,990. పదివేలు తక్కువంటే మనసు లాగుతుంది. కానీ డిస్కు పెట్టే అర లేకపోతే పక్కింటివాడి డిస్కు అరువు తెచ్చుకోలేరు, ఆడేసినదాన్ని సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముకోలేరు, ప్రతి గేమూ వాళ్ల షాపులోనే కొనాలి. నా ఫ్రిజ్ పక్కన బయటి సోడాలు తేరాదని బోర్డు పెట్టినట్టే. నాకు ఆ ఆలోచన రాలేదు, వస్తే పెట్టేవాణ్ణే.

మా రోజుల్లో ఆగితే రేటు దిగేది. పీఎస్2 అమెరికాలో 299తో మొదలై 2009 నాటికి 99కి వచ్చింది. చిప్పులు చిన్నవై చవకయ్యేవి. ఇప్పుడు ఆ సౌకర్యం పోయింది. పీఎస్5 మన దేశంలో 2022లోనే 54,990 అయింది. అమెరికాలో 2020లో 499కి వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, 2025లో రెండుసార్లు పెరిగి 649 అయింది. పాతబడేకొద్దీ రేటు పెరిగే డబ్బాను నేను ఇప్పుడే చూస్తున్నాను.

మీరు చేయాల్సింది ఒకటుంది. చెరో కాగితం తీసుకోండి. డబ్బా రేటు, మూడేళ్లలో కొనబోయే గేములు, చందా, రెండో కంట్రోలర్, అన్నీ రాసి కూడండి. మీ అపార్ట్‌మెంటులో, క్లాసులో మీతో ఆడేవాళ్ల దగ్గర ఏ డబ్బా ఉందో పక్కన రాయండి. నన్నడిగితే డిస్కు అర ఉన్నదే కొనమంటాను. ఆ రెండు కాగితాలూ పండక్కి వచ్చేటప్పుడు తీసుకురండి. మొత్తం రాయకుండా డబ్బా రేటు ఒక్కటే రాసుకొస్తే మాత్రం పైసా రాదు.

ఎదురుకొట్టు ఆయన ఇప్పుడు నాతోపాటే పొద్దున వాకింగుకు వస్తాడు. ఆ ఇటుకరాయి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఇంకా వాళ్లింట్లో ఉంది, వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడతారు. నిన్న మీ గొడవ గురించి చెప్పి ఏది కొనమంటావని అడిగాను. నా మాట పూర్తికాకముందే, "ఇంకేముంది, ఎక్స్‌బాక్సే. అప్పుడూ మా బొమ్మే బాగుండేది" అన్నాడు.

ఆశీస్సులతో,
తాతయ్య