ఎండకు వీపు పెట్టిన మనిషి

ఫోటో తీసేటప్పుడు మొహం చక్కగానే కనబడింది. కళ్లు, నవ్వు, నుదుటి మీద పడ్డ జుట్టు, వెనక మెరిసే ఆకాశం అన్నీ కనబడ్డాయి. తీరా తెర మీద చూసుకుంటే ఆకాశం బాగానే ఉంది, మనిషి మాత్రం బొగ్గుతో గీసినట్టు నల్లగా పడ్డాడు. సూర్యుడు వెనక ఉండగా ఫోటో తీసిన వాళ్లందరికీ ఇది అనుభవమే. అందుకే చాలామంది ఎండకు ఎదురుగా ఫోటో తియ్యకూడదని ఒక నియమం పెట్టేసుకుంటారు. ఆ నియమంతో నాకు పేచీ ఉంది. ఎండ నేరుగా మొహం మీద పడితే కళ్లు చిట్లించుకుంటారు, కనుబొమల కిందా ముక్కు కిందా గట్టి నీడలు పడతాయి, నుదురు జిడ్డుగా మెరుస్తుంది. అదే ఎండ వీపున పడితే జుట్టు అంచులు సన్నటి వెలుగు దారాల్లా మెరుస్తాయి, మొహం మీద మెత్తటి వెలుతురు పరుచుకుంటుంది, కళ్లు హాయిగా తెరుచుకుంటాయి. పగటి వేళ మనుషుల్ని తియ్యడానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన వెలుతురు ఇదే. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు మోతాదు, కుదరాలి, అంతే.

ముందు కంటి సంగతి. మనం ఒక దృశ్యాన్ని ఒక్క చూపులో మొత్తం చూసేస్తున్నామని అనుకుంటాం. నిజానికి కన్ను స్పష్టంగా చూడగలిగేది చెయ్యి చాపి పట్టుకున్న బొటనవేలి గోరంత మేరనే. మిగతాదంతా చూపు అటూ ఇటూ గెంతుతూ ఏరుకునేదే. మొహం మీద ఆగినప్పుడు మొహానికి తగ్గట్టు, ఆకాశం మీద ఆగినప్పుడు ఆకాశానికి తగ్గట్టు కన్ను సర్దుకుంటుంది. ఈ సర్దుబాటులో కంటిపాప వాటా తక్కువే. అది 2 మిల్లీమీటర్ల నుంచి 8 మిల్లీమీటర్ల దాకా విచ్చుకున్నా లోపలికి వచ్చే వెలుతురు పదహారు రెట్లు మారుతుంది, అంతకంటే కాదు. అసలు పని రెటీనాలో జరుగుతుంది. చూపు ఏరుకున్న ముక్కలన్నీ కలిపి మెదడు ఒకే దృశ్యంగా మనకు చూపిస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఒక్క క్లిక్కులో ఫ్రేమంతటికీ ఒకే ఎక్స్‌పోజర్.

ఆ ఎక్స్‌పోజర్ ఎంత ఉండాలో కెమెరా ఎలా తేల్చుకుంటుంది? లోపలున్న, వెలుతురు కొలిచే మీటరుకు తన ముందున్నది పెళ్లికూతురో, గోడో, గొర్రెల మందో తెలియదు. ఎంత వెలుతురు వస్తోందో మాత్రమే తెలుసు. అందుకని అది ఒక ఊహ మీద నడుస్తుంది: లోకంలోని తెలుపూ నలుపూ అన్నీ కలిపి సగటు తీస్తే, పడిన వెలుతురులో దాదాపు 18 శాతాన్ని తిరిగి పంపే బూడిద రంగులా ఉంటుందని. ఫోటోగ్రాఫర్ల సంచుల్లో కనిపించే గ్రే కార్డు రంగు అదే. ఈ ఊహను పరీక్షించడం చాలా తేలిక. పాత పద్ధతి మీటరింగ్‌లో ఒక తెల్లటి కాగితాన్ని ఫ్రేము నిండా పెట్టి తియ్యండి, తర్వాత నల్లటి గుడ్డను తియ్యండి. రెండూ బూడిద రంగులోనే వస్తాయి. ఇక మనిషి వెనక ఆకాశం ధగధగలాడుతుంటే మీటరు ఏం చేస్తుంది? వెలుతురు మితిమీరిందని తీర్మానించి ఎక్స్‌పోజర్ కోసేస్తుంది. ఆకాశం బూడిద దాకా దిగివస్తుంది. దాంతోపాటు మొహం పాతాళానికి పోతుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. వెనక వెలుగు ఎక్కువగా ఉంది కాబట్టి ఎక్స్‌పోజర్ తగ్గించాలేమో అనిపిస్తుంది. తగ్గించాల్సినదంతా మీటరు మనకంటే ముందే తగ్గించేసింది. మనం పెంచాలి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మీటను ప్లస్ వైపు ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా తిప్పాలి. స్టాప్ అంటే రెట్టింపు: ఒక స్టాప్ పెంచితే వెలుతురు రెండింతలు, రెండు పెంచితే నాలుగింతలు. ఫోన్‌లో అయితే తెర మీద మొహాన్ని తాకితే ఎక్స్‌పోజర్ మొహానికి సర్దుకుంటుంది, ఇంకా చాలకపోతే పక్కన కనిపించే సూర్యుడి గుర్తును పైకి జరపాలి.

ఎంత పెంచాలన్నది గుడ్డి లెక్క కానక్కర్లేదు. నడినెత్తి ఎండ నేల మీద సుమారు లక్ష లక్స్ వెలుతురు కురిపిస్తుంది. నీడలో, నీలాకాశం కింద నిలబడ్డ మనిషి మీద పడేది అందులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా. ఎండకు వీపు పెట్టి నిలబడ్డ మనిషి మొహం కూడా నీడలోనే ఉంది, అది తన నీడ. అంటే వీపుకూ మొహానికీ మధ్య తేడా రెండు మూడు స్టాపులు. ఫిల్ము రోజుల్లో మీటరు లేనివాళ్లు కూడా దీన్ని వేళ్ల మీద లెక్క కట్టేవారు. మంచి ఎండలో లెన్స్ రంధ్రాన్ని, అంటే ఎపర్చరును, ఎఫ్/16 దాకా మూసి (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), ఫిల్ము సున్నితత్వం ఐఎస్‌ఓ 100 అయితే షట్టర్‌ను సెకనులో వందో వంతు సేపు తెరిస్తే ఎండ పడిన చోటు సరిగ్గా వస్తుంది. దీనికి సన్నీ సిక్స్‌టీన్ అని పేరు. మనిషి ఎండకు వీపు పెడితే అక్కణ్ణుంచి రెండు మూడు స్టాపులు తెరవాలి, అంటే ఎఫ్/8 లేదా ఎఫ్/5.6. నన్నడిగితే ఎన్ని మీటర్లున్నా ఈ లెక్క మనసులో ఉండటం మంచిది. మీటరు తప్పుదారి పడితే వెంటనే పసిగట్టవచ్చు.

ఇంకా కచ్చితంగా కావాలంటే మొహాన్నే కొలవాలి. స్పాట్ మీటరింగ్ ఫ్రేములో కొద్ది శాతం మేరను మాత్రమే చూస్తుంది, దాన్ని చెంప మీద పెట్టవచ్చు. కాకపోతే ఒక మెలిక ఉంది. మీటరు చెంపను కూడా 18 శాతం బూడిదే అనుకుంటుంది. లేత ఛాయ చర్మం అంతకు రెట్టింపు దాకా వెలుతురు తిప్పి పంపుతుంది, బాగా ముదురు ఛాయ పదో వంతు లోపే పంపుతుంది. మీటరు చెప్పింది విన్నామంటే తెల్లనివాళ్లు చామనఛాయకు దిగుతారు, నల్లనివాళ్లు పాలిపోతారు. ఇద్దరూ తమలా ఉండరు. అమెరికన్ ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ పద్ధతి చెప్పే మొదటి పాఠం ఇదే: మీటరు సంఖ్య చెబుతుంది, ఆ చోటు ఎంత తేటగా కనబడాలో తేల్చాల్సింది ఫోటో తీసేవాళ్లు. దీనికి ఒక సులువు ఉంది. మేనిఛాయ ఏదైనా అరచెయ్యి మాత్రం మనుషులందరిలో దగ్గర దగ్గరగా ఒకే తీరు, బూడిద రంగుకంటే దాదాపు ఒక స్టాప్ తేట. మీ అరచేతిని ఆ మనిషి మొహంలాగే ఎండకు పెడగా, కెమెరా వైపు తిప్పి దాన్ని కొలవండి. వచ్చిన దానికి ఒక స్టాప్ కలిపి అక్కడ బిగించెయ్యండి. అప్పుడు మీరు కొలిచింది చర్మాన్ని కాదు, మొహాల మీద పడుతున్న వెలుతురును. పది ఛాయల మనుషులు ఒకే వరసలో నిలబడ్డా ఎవరి రంగు వారిది నిలుస్తుంది. చేతిలో పట్టుకునే మీటరు మీద ఉండే తెల్లటి గుండీలాంటి బుడిపె చేసేది కూడా ఈ పనే.

సరే, మొహం కుదిరింది. ఆకాశం? అది తెల్లగా మాడిపోయి ఉండొచ్చు. ఎందుకో తెలియాలంటే కెమెరాలో వెలుతురును పట్టుకునే సెన్సర్‌లోకి తొంగిచూడాలి. వెలుతురు కణాలు పడిన కొద్దీ ప్రతి పిక్సెల్‌లో ఎలక్ట్రాన్లు పోగవుతాయి. ఆ పోగుకు ఒక హద్దుంది. హద్దు దాటాక ఎంత వెలుతురు పడినా తెలుపు తెలుపే, మబ్బు అంచు ఎక్కడుందో ఇక ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. చీకటి వైపు కథ వేరు. వెలుతురు కణాలు తుంపర చినుకుల్లా ఎడాపెడా పడతాయి. సగటున పదివేలు పడే చోట వంద అటూ ఇటూ అవుతాయి, అంటే ఒక శాతం ఊగిసలాట, కంటికి ఆనదు. సగటున వందే పడే చోట పది అటూ ఇటూ అవుతాయి, పది శాతం. నల్లగా పడ్డ మొహాన్ని తర్వాత కంప్యూటర్‌లో తేట చేస్తే రవ్వరవ్వగా కనిపించేది ఈ ఊగిసలాటే. దాన్ని కెమెరా లోపమనుకుంటాం గానీ చాలావరకు అది వెలుతురు స్వభావం. తక్కువ వెలుతురు అందింది, కాబట్టి మొహం గురించి కెమెరాకు తెలిసిందీ తక్కువే.

అందుకే ఆకాశాన్ని కాపాడి మొహాన్ని తర్వాత లేపుదామనే సలహాను నేను అరకొరగానే ఒప్పుకుంటాను. పెద్ద సెన్సరున్న కెమెరాలో రా ఫైలు, అంటే సెన్సర్ పట్టిందంతా కుదించకుండా దాచే ఫైలు, తీస్తే పద్నాలుగు స్టాపుల దాకా తేడాను పట్టుకోవచ్చు, ఒక స్టాప్ కిందికి తీసి లేపినా నష్టం తెలియదు. కుదించి దాచే మామూలు జేపెగ్‌లో, చిన్న సెన్సర్లలో ఆ ధైర్యం పనికిరాదు. మొహమా, మబ్బా అని తేల్చుకోవాల్సి వస్తే మొహమే. పదేళ్ల తర్వాత ఆ ఫోటో తీసి చూసేవాళ్లు మబ్బు కోసం వెతకరు. నెగెటివ్ ఫిల్ము ఈ విషయంలో సెన్సర్‌కు సరిగ్గా తలకిందులు. అది ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువను ఓర్చుకోదు. ఫిల్మువాళ్లు ధారాళంగా తెరిచి తీసేవాళ్లంటే కారణం అదే.

ఎన్నుకోవాల్సిన అవసరమే తగ్గించే మార్గం ఇంకొకటుంది, నాకు అన్నిటికంటే తృప్తినిచ్చేది అదే. మొహానికి వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకండి. ఎదుటి ఆకాశం నుంచి, కాళ్ల కింద నేల నుంచి, దగ్గర్లోని గోడ నుంచి, ఆఖరికి ఫోటో తీసేవాళ్ల చొక్కా నుంచి కూడా వస్తుంది. తాజా మంచు పడిన వెలుతురులో 80 శాతం పైగా తిప్పి పంపుతుంది, ఎండిన ఇసుక మూడో వంతుకు పైగా, పచ్చిక నాలుగో వంతు మాత్రమే. పచ్చిక మీద నిలబెడితే గడ్డం కింద ఆకుపచ్చ జీర కూడా వచ్చిపడుతుంది. అదే మనిషిని నాలుగడుగులు జరిపి, ఎండ పడుతున్న లేత రంగు గోడకు అభిముఖంగా నిలబెడితే మొహం ఒక స్టాప్ వరకు తేటపడవచ్చు. గోడ లేకపోతే తెల్లటి థర్మకోల్ షీటో, పరిచిన దుప్పటో పట్టుకోవచ్చు. నీలాకాశపు వెలుతురే ఎక్కువైతే మొహం కాస్త నీలంగా వస్తుంది, రంగులను సర్దే వైట్ బ్యాలెన్స్‌ను నీడ గుర్తుకు మారిస్తే సరిపోతుంది. పొద్దు వాలాక పని ఇంకా సులువు. దిగంతం దగ్గర సూర్యకిరణాలు నడినెత్తి వేళ కంటే సుమారు 38 రెట్లు గాలిని దాటుకుని రావాలి. సూర్యుడి ఉధృతి తగ్గుతుంది, వీపుకూ మొహానికీ మధ్య తేడా కరుగుతుంది.

ఫ్లాష్ సంగతి కొంచెం. పట్టపగలు ఫ్లాష్ ఎందుకని అడుగుతారు గానీ, అది బాగా పనికొచ్చేది ఇక్కడే. చిక్కు షట్టర్‌తో వస్తుంది. చాలా కెమెరాల్లో రెండు తెరలు ఒకదాని వెనక ఒకటి జారతాయి, సెకనులో 200వ వంతు లేదా 250వ వంతు కంటే వేగం పెంచితే సెన్సర్ మొత్తం ఒక్కసారి తెరుచుకోదు, సన్నటి చీలిక మాత్రమే పరుగెత్తుతుంది. మెరుపు ఆ చీలిక మేరకే పడుతుంది. అందుకని ఎండలో ఎపర్చరును ఎఫ్/10 దాకా మూయాల్సి వస్తుంది, ఫ్లాష్ బలం సగానికి సగం అక్కడే చిక్కిపోతుంది. హై స్పీడ్ సింక్ ఉన్న ఫ్లాష్ ఈ హద్దు దాటిస్తుంది, బదులుగా బలం ఇంకా ఖర్చు చేస్తుంది. పైగా దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, కాబట్టి దగ్గరగా ఉండాలి. మోతాదు మాత్రం మొహం మీది సహజమైన వెలుతురు కంటే ఒకటి రెండు స్టాపులు తక్కువే ఉండాలి. ఎక్కువైతే మనిషి కాగితంలోంచి కత్తిరించి అంటించినట్టుంటాడు.

ఒకే ఫోటోలో రెండూ కావాలన్న కోరిక మాత్రం కొత్తది కాదు. 1850లలో ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్ర దృశ్యాలు తీస్తుంటే ఆకాశానికీ నీటికీ ఒకే ఎక్స్‌పోజర్ కుదిరేది కాదు. ఆయన రెండిటికీ వేరువేరు నెగెటివ్‌లు తీసి ఒకే కాగితం మీద అచ్చువేశాడు. 1997లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ వేరువేరు ఎక్స్‌పోజర్ల నుంచి ఒక దృశ్యపు అసలు వెలుతురును లెక్కగట్టే పద్ధతిని ప్రచురించారు. ఇప్పుడు ఫోన్లు మీట నొక్కగానే వరసగా అనేక ఫ్రేములు తీసి కలిపేస్తాయి. చాలాసార్లు ఫ్రేములన్నీ కావాలనే చీకటిగా తీస్తాయి, ఆకాశం మాడకుండా. తొమ్మిది ఫ్రేములు కలిపితే రవ్వ మూడో వంతుకు తగ్గుతుంది, చినుకుల లెక్కే ఇది కూడా. ఆ తర్వాత మొహాన్ని విడిగా లేపుతాయి. పని అద్భుతమే. కానీ కొన్నిసార్లు ఆకాశం, మొహం ఒకే తేటకు వచ్చేసి, సూర్యుడు ఎటున్నాడో తెలియని ఫోటో తయారవుతుంది. అలాంటప్పుడు నేను పెంపును కొంత వెనక్కి జరుపుతాను. వెనక ఎండ ఉందని ఫోటో చూస్తే తెలియాలి కదా.

చివరగా గాజు. పూత లేని గాజు ప్రతి ఉపరితలం దగ్గరా 4 శాతం వెలుతురును వెనక్కి తిప్పుతుంది. ఏడెనిమిది అద్దాలున్న లెన్స్‌లో సూర్యుడు నేరుగా దూరితే ఆ వెలుతురంతా లోపల ఎగిరెగిరి పడి ఫోటో మీద పాల తెరలా పరుచుకుంటుంది. నలుపు నలుపుగా ఉండదు, మొహం వెలవెలబోతుంది. ఎక్స్‌పోజర్ ఎంత తిప్పినా ఇది పోదు. 1935లో జర్మనీలో లెన్స్‌లు చేసే జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టిన పలుచని పూత దీన్ని చాలావరకు తగ్గించింది, నేటి లెన్స్‌లన్నిటి మీదా ఆ పూత వారసులే ఉన్నాయి. అయినా ఫోన్ లెన్స్ మీద ఒక్క వేలిముద్ర చాలు, ఆ మేలంతా చెరిగిపోవడానికి. అందుకే తీసేముందు మెత్తటి గుడ్డతో ఒకసారి తుడవండి. సూర్యుణ్ణి మనిషి తల వెనకో, చెట్టు కొమ్మ వెనకో దాచండి. అద్దంలోంచి నేరుగా చూసే వ్యూఫైండర్‌తో, పొడుగాటి లెన్స్‌తో సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ చూడకండి, కన్ను పాడవుతుంది. దాచే చోటు లేకపోతే ఎడమ చేతిని లెన్స్ పైన గొడుగులా పట్టి, ఆ చేతి నీడ లెన్స్ మీద పడేదాకా మెల్లగా కిందికి దించండి. తెర మీద ఆ పాల తెర తొలగి, మొహంలో రంగు తిరిగి వచ్చే క్షణం కళ్లకు కనబడుతుంది. చెయ్యి ఫ్రేములోకి రాకముందే నొక్కండి.