సోర్స్ కోడ్ అందరిదీ సరే, చూసుకునేది ఎవరు?

‘డిజిటల్ పబ్లిక్ గూడ్స్’ అనే మాట ఐదారేళ్లుగా ఐక్యరాజ్యసమితి పత్రాల్లో, అభివృద్ధి సంస్థల నివేదికల్లో, మంత్రుల ప్రసంగాల్లో తెగ వినిపిస్తోంది. ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి చూసి, తమకు కావలసినట్టు మార్చుకుని ప్రజల అవసరాలకు వాడుకోగల సాఫ్ట్‌వేర్, డేటా, ప్రమాణాలు అని స్థూలంగా దాని అర్థం. వినడానికి ఎవరూ కాదనలేని ఆలోచన. అందుకే కాబోలు, దీని వెనక నలభై ఏళ్లకు పైగా సాగుతున్న గొడవ చాలామందికి కనపడదు. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసే మూల ఆదేశాలు, ఎవరి చేతిలో ఉండాలి అన్నది అందులో మొదటి ప్రశ్న. అది చాలావరకు తేలిపోయింది. తేలనిది ఇంకొకటి ఉంది: అందరికీ పంచిన దాన్ని ఏళ్ల తరబడి నడిపే ఖర్చు, బాధ్యత ఎవరివి?

తొలిరోజుల్లో సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర ఉండేది కాదు. కంప్యూటర్ తీసుకుంటే దాంతోపాటే వచ్చేది, వాడేవాళ్లు దాన్ని మార్చుకుని ఒకరికొకరు పంచుకునేవాళ్లు. 1969లో, అమెరికా ప్రభుత్వం తన మీద గుత్తాధిపత్య నిరోధక (యాంటీట్రస్ట్) కేసు వేసిన కొన్ని నెలలకే, కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం తన సాఫ్ట్‌వేర్‌కు యంత్రంతో సంబంధం లేకుండా ధర కడతానని ప్రకటించింది. అక్కడినుంచి సాఫ్ట్‌వేర్ ఒక సరుకైంది. 1976లో యువకుడైన బిల్ గేట్స్ కంప్యూటర్ హాబీ క్లబ్బుల వాళ్లకు బహిరంగ లేఖ రాసి, డబ్బు కట్టకుండా కాపీలు చేసుకోవడం దొంగతనమేనని నిష్ఠూరమాడాడు. నలభై ఏళ్ల తర్వాత ఆయన ఫౌండేషనే ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టింది. ఆ సంగతి తర్వాత.

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ల్యాబుకు జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి ఇచ్చింది. అందులో కాగితం మాటిమాటికీ ఇరుక్కునేది. పని పంపినవాళ్లు వేరే అంతస్తులో ఉండటంతో, చాలాసేపటికి వెళ్లి చూస్తే తప్ప అది ఆగిపోయిందని తెలిసేది కాదు. పాత ప్రింటర్‌కూ ఇదే జబ్బు. అయితే దాని కోడ్ చేతిలో ఉండటం వల్ల అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ ఒక చిన్న మార్పు చేసి, కాగితం ఇరుక్కోగానే ప్రింటు కోసం ఎదురుచూస్తున్న వాళ్లందరి తెరల మీదా కబురు వచ్చేలా పెట్టాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే కోడ్ ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానన్నాడు.

ఇంత చిన్న విషయానికి అంత పట్టుదలా అనిపించవచ్చు. కానీ మన ముందున్న యంత్రం చెడితే బాగుచేసుకునే తెలివి ఉండి కూడా చేతులు కట్టుకుని కూర్చోవాల్సి రావడమే అసలు సమస్య అని స్టాల్‌మన్ పట్టుకున్నాడు. 1983 సెప్టెంబరులో, అందరూ స్వేచ్ఛగా వాడి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. అంతకంటే ముఖ్యమైనది 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. అయితే మార్చి పంచేటప్పుడు ఆ మార్పులను కూడా అవే షరతుల మీద పంచాలి. కోడ్‌కు తాళం వేయడానికి వాడుతున్న కాపీరైట్ చట్టంతోనే ఎవరూ తాళం వేయకుండా కట్టడి చేశాడు. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ మొదలుపెట్టి, మరుసటి ఏడాది దాన్ని ఇదే లైసెన్సు కిందకు తెచ్చాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ పరిశోధన సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కోడ్ మీద తన హక్కులు వదులుకుని అందరికీ ఇచ్చేసింది. వెబ్ ఒక కంపెనీ సొత్తు కాకపోవడానికి ఆ ఒక్క కాగితం చాలా పెద్ద కారణం.

ఇక్కడిదాకా ఇది ప్రోగ్రామర్ల లోకంలో సంగతి. దీన్ని పౌరుల హక్కుల భాషలోకి తెచ్చినవాళ్లలో పెరూ కాంగ్రెస్ సభ్యుడు ఎడ్గార్ విల్యాన్వేవాకు దక్కాల్సినంత పేరు దక్కలేదనే అనుకుంటాను. ప్రభుత్వ కార్యాలయాల్లో ఫ్రీ సాఫ్ట్‌వేరే (ఉచితమని కాదు, చూసి మార్చుకునే స్వేచ్ఛ ఉన్నదని) వాడాలని ఆయన బిల్లు తెచ్చారు. మైక్రోసాఫ్ట్ పెరూ విభాగం అధిపతి 2002 మార్చిలో ఆ బిల్లును విమర్శిస్తూ లేఖ రాశారు. ఏప్రిల్ 8న విల్యాన్వేవా దానికి పాయింటు పాయింటుకూ సుదీర్ఘంగా జవాబిచ్చారు. ఆ జవాబు ప్రపంచమంతా తిరిగింది.

చవక అన్న వాదన మీద ఆయన అసలు ఆధారపడలేదు. ఆయన ఎత్తి చూపినవి మూడు. ప్రభుత్వ సమాచారం పౌరుడికి అందాలంటే, దాన్ని తెరవడానికి ఫలానా కంపెనీ సరుకే కొనాలన్న షరతు ఉండకూడదు. ఆ సమాచారం కలకాలం నిలవాలంటే, దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ బతుకు సప్లయర్ దయ మీద ఉండకూడదు. పౌరుల వివరాలు భద్రంగా ఉండాలంటే, దూరం నుంచి ఎవరూ ఆడించే వీలు లేదని, వివరాలు బయటకు పోవడం లేదని కోడ్ చూసి తేల్చుకోగలగాలి. అమ్ముకోవడాన్ని నా బిల్లు నిషేధించడం లేదు, ప్రభుత్వం ఏం కొనాలో మాత్రమే చెబుతోంది అని కూడా ఆయన స్పష్టం చేశారు. ఆ జులైలోనే బిల్ గేట్స్ పెరూ అధ్యక్షుడు తొలేడోను కలిసి, అక్కడి పాఠశాలలకు 5,50,000 డాలర్ల విరాళం ప్రకటించారు. విల్యాన్వేవా బిల్లు అలాగే గట్టెక్కలేదు. 2005లో వచ్చిన చట్టం ఏ పక్షమూ వహించకుండా, పోల్చి చూసి కొనమని చెప్పి ఊరుకుంది.

ఆ రోజుల్లోనే జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ లినక్స్‌కు మారాలని తీర్మానించింది. 2013 నాటికి 15,000 దాకా కంప్యూటర్లు మార్చింది. 2017లో కౌన్సిల్ మళ్లీ విండోస్ వైపు ఓటేసింది. సాఫ్ట్‌వేర్ పనికిరాక అలా అయిందా, రాజకీయం మారి అయిందా అని ఇప్పటికీ వాదిస్తారు. నాకైతే రెండోదాని పాలే ఎక్కువనిపిస్తుంది.

కోడ్ తెరిచి ఇచ్చేస్తే మంచి దానంతటదే జరుగుతుందన్న నమ్మకం ఆ దశకంలో బలంగా ఉండేది. దానికి పరాకాష్ఠ పేద దేశాల పిల్లల కోసం తలపెట్టిన వంద డాలర్ల ల్యాప్‌టాప్. 2005లో ట్యూనిస్‌లో ఆ పథకం పెట్టిన ఎంఐటీ ప్రొఫెసర్ నికొలస్ నెగ్రోపోంటే దాన్ని చూపించినప్పుడు పక్కన అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఉన్నారు. లోపల దాదాపు అంతా ఓపెన్ సోర్సే. ధర వంద డాలర్లకు ఎప్పుడూ దిగలేదు. ఎక్కువ సంఖ్యలో కొన్న దేశాల్లో పెరూ ఒకటి. అక్కడ జరిగిన ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి: లెక్కల్లో, భాషలో పిల్లల మార్కులు పెరిగిన దాఖలా లేదు. యంత్రం ఇచ్చారు గానీ, దాంతో ఏం చేయించాలో టీచర్‌కు నేర్పడం మీద పెట్టిన దృష్టి తక్కువ.

దీనికి పూర్తిగా తలకిందులుగా నడిచిన కథ దక్షిణాఫ్రికాలో మొదలైంది. 1994లో వర్ణవివక్ష పాలన పోయేనాటికి అక్కడి ఆరోగ్య వ్యవస్థ 14 వేర్వేరు శాఖలుగా ముక్కలై ఉంది. క్లినిక్‌లో నర్సులు రకరకాల ఫారాలు నింపి పైకి పంపేవారు. వాటిని అక్కడ ఎవరు చూసేవారో, ఏం చేసేవారో కింద ఉన్నవాళ్లకు తెలిసేది కాదు. నార్వేలోని ఓస్లో యూనివర్సిటీ పరిశోధకులు, దక్షిణాఫ్రికా యూనివర్సిటీల వాళ్లు, ప్రజారోగ్య కార్యకర్తలు కలిసి కేప్‌టౌన్‌లోని కొన్ని ప్రాంతాల్లో పని మొదలుపెట్టారు. కంప్యూటర్ కంటే ముందు ఒక ప్రశ్న అడిగారు: మీ క్లినిక్ నడపడానికి మీకు నిజంగా కావలసిన అంకెలు ఏవి? అలా తేలిన కొద్దిపాటి వివరాల చుట్టూ డీహెచ్ఐఎస్ (జిల్లా ఆరోగ్య సమాచార వ్యవస్థ) అనే సాఫ్ట్‌వేర్ పుట్టింది. మొదటి రూపం మైక్రోసాఫ్ట్ అమ్మే డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్ మీద నడిచేదన్నది ఒక విడ్డూరం. ప్రోగ్రాం ఉచితమే, కానీ దాన్ని నడపాలంటే కొన్న సరుకు ఉండాలి. ఓస్లోలో దాన్ని పూర్తిగా ఓపెన్ సోర్స్ పనిముట్లతో తిరగరాశారు. అలా వచ్చిన డీహెచ్ఐఎస్2ను 2006లో మొట్టమొదట వాడింది కేరళ. 2011లో కెన్యా దాన్ని ఆన్‌లైన్‌లో దేశమంతటికీ తెచ్చింది. ఇప్పుడు 70కి పైగా దేశాలు వాడుతున్నాయి.

కోవిడ్ సమయంలో జరిగిన ఒక ఉదంతం దీని గురించి నివేదికలకంటే బాగా చెబుతుంది. 2020 జనవరి చివర్లో శ్రీలంకలో తొలి కేసు బయటపడింది. విమానాశ్రయంలో దిగేవాళ్లను నమోదు చేసి తర్వాత కనిపెట్టుకుని ఉండటానికి ఒక వ్యవస్థ కావాలి. అక్కడి ఆరోగ్య శాఖతో పనిచేస్తున్న స్థానిక బృందం డీహెచ్ఐఎస్2 మీద దాన్ని రోజుల్లో కట్టేసింది. వాళ్లు చేసిన నమూనాను ఓస్లో బృందం అందరికీ అందుబాటులో పెడితే పదుల దేశాలు తీసుకున్నాయి. వాటిలో నార్వే ఒకటి! డీహెచ్ఐఎస్2కు ఏళ్లుగా డబ్బిచ్చిన దేశంలోని మున్సిపాలిటీలు శ్రీలంకలో మొదలైన పనిముట్టుతో కాంటాక్టులను వెతుక్కున్నాయి. సాఫ్ట్‌వేర్ తెలిసిన మనుషులు శ్రీలంకలో అప్పటికే ఉండబట్టి ఇది సాధ్యపడింది. కోడ్ మాత్రమే ఉండి వాళ్లు లేకపోతే, విదేశీ కన్సల్టెంటు కోసం టెండరు పిలిచేసరికే నెలలు గడిచేవి.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. యుగాండాలో ఒక్కో దాత సంస్థ ఒక్కో ఫోన్ యాప్, ఒక్కో ఎస్ఎంఎస్ పథకం తెచ్చి ఒక్కో జిల్లాలో ప్రయోగం చేసింది. ఒకదానికొకటి మాట్లాడుకోవు, గ్రాంటు అయిపోగానే అటకెక్కుతాయి. విసిగిపోయిన అక్కడి ఆరోగ్య శాఖ 2012 జనవరిలో కొత్త డిజిటల్ ప్రయోగాలన్నీ ఆపేయమంది. ఎవరో వచ్చి మనకు సాయం చేస్తామంటే ‘వద్దు, ముందు ఉన్నవి సర్దుకోనివ్వండి’ అనడానికి ఒక పేద దేశానికి ఎంత గుండె కావాలి!

ఆ చెల్లాచెదురుతనానికి మందుగానే అంతర్జాతీయ వేదిక రంగంలోకి దిగింది. 2019లో ఐక్యరాజ్యసమితి ఉన్నతస్థాయి ప్యానెల్ డిజిటల్ పబ్లిక్ గూడ్స్‌ను అందరూ కలిసి పోషించాలని సూచించింది. ఆ ఏడాది చివర్లో నార్వే, సియెర్రా లియోన్, యునిసెఫ్, భారత్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ రంగ మేధో సంస్థ ఐస్పిర్ట్ కలిసి ఒక కూటమి పెట్టాయి. 2020 జూన్‌లో ప్రధాన కార్యదర్శి ఇచ్చిన నిర్వచనం ప్రకారం కోడ్ తెరిచి ఉంటే చాలదు. గోప్యత చట్టాలు పాటించాలి, హాని చేయకూడదు, సుస్థిరాభివృద్ధి లక్ష్యాలకు పనికిరావాలి. 2024 సెప్టెంబరు 22న సర్వసభ్య సభ ఆమోదించిన గ్లోబల్ డిజిటల్ కాంపాక్ట్ కూడా ఇదే బాట పట్టింది. ఈలోగా సరుకూ పెరిగింది. దేశాలు సొంత గుర్తింపు వ్యవస్థ కట్టుకోవడానికి ట్రిపుల్ ఐటీ బెంగళూరులో 2018లో మొదలైన మోసిప్‌ను ఫిలిప్పీన్స్, ఇథియోపియా వంటి దేశాలు తీసుకున్నాయి. గేట్స్ ఫౌండేషన్ 2017లో తెచ్చిన మోజాలూప్ చెల్లింపుల కోసం. 2001 నుంచి ప్రభుత్వ శాఖల మధ్య డేటా నడిపిస్తున్న ఎక్స్‌రోడ్ కోడ్‌ను ఎస్టోనియా 2016లో బయటపెట్టింది.

ఇక్కడ ఒక గందరగోళం తరచూ జరుగుతుంది. ఆధార్, యూపీఐ వంటివి డిజిటల్ ప్రజా మౌలిక వ్యవస్థలు. వాటి కోడ్ తెరిచిలేదు కాబట్టి ఈ లెక్కలో పబ్లిక్ గూడ్స్ కావు. 2023 జీ20 తర్వాత రెండు మాటలనూ కలిపేసి వాడటం మరీ ఎక్కువైంది. ఇంకో సంగతి, ‘ఇది పబ్లిక్ గూడ్’ అని పైన చెప్పిన కూటమి వేసే ముద్ర పడేది సాఫ్ట్‌వేర్ మీదే తప్ప ఒక ప్రభుత్వం దాన్ని ఎలా వాడుతోందన్న దాని మీద కాదు. గుర్తింపు నంబరు లేని ముసలమ్మకు రేషన్ ఆపేయాలా వద్దా అన్నది ఏ లైసెన్సూ తేల్చదు.

ఇక పోషణ సంగతి. ఒకరు వాడితే ఇంకొకరికి తరగనిది, ఎవరినీ వద్దనకుండా అందేది ప్రజా వస్తువు అని 1954లో పాల్ శామ్యూల్సన్ సిద్ధాంతం కట్టారు. సాఫ్ట్‌వేర్ అందులో చక్కగా ఇముడుతుంది. చెరువులో నీళ్లు తోడితే తరుగుతాయి, కోడ్ ఎంతమంది తోడుకున్నా తరగదు. పూడిక మాత్రం దానికీ పడుతుంది, తీయకపోతే చెరువూ మిగలదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్ లావాదేవీల్లో పెద్ద భాగాన్ని కాపాడుతున్న ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్లని లోకానికి తెలిసింది. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే ఒక చిన్న ప్రోగ్రాం) వ్యవహారం ఇంకా భయంకరం. ఒంటరిగా, అలసిపోయి ఆ చిన్న ప్రాజెక్టును లాక్కొస్తున్న మనిషికి, సాయం చేస్తానంటూ దొంగ పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా దగ్గరై, నమ్మకం సంపాదించి, చివరికి కంప్యూటర్లలోకి చొరబడే దొంగదారిని ఆ కోడ్‌లో పెట్టారు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తీగ లాగింది ఆండ్రెస్ ఫ్రాయండ్. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. కోడ్ తెరిచి ఉండబట్టే ఆయన పట్టుకోగలిగాడు. ఒక్క మనిషి నెత్తిన పెట్టి వదిలేయబట్టే దొంగ చొరబడగలిగాడు.

విలువ తెలియక జరుగుతున్న నిర్లక్ష్యం కాదిది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు 2024లో వేసిన అంచనా ప్రకారం, విరివిగా వాడే ఓపెన్ సోర్స్ కోడ్‌ను ఒకసారి తిరిగి రాయడానికి 415 కోట్ల డాలర్లు చాలు. అదే లేకపోయి ఎవరికి వారే రాసుకోవాల్సి వస్తే కంపెనీలకు అయ్యేది 8.8 లక్షల కోట్ల డాలర్లు. 2022లో జర్మనీ ఇలాంటి పునాది కోడ్ పోషణకే ఒక ప్రభుత్వ నిధి పెట్టింది. రోడ్ల మరమ్మతుకు బడ్జెట్ ఉన్నట్టే దీనికీ ఉండాలన్న ఆలోచన ఒక ప్రభుత్వం లెక్కల పుస్తకంలోకి ఎక్కడం నిజంగా కొత్త. అయితే ఆ నిధిది సంపన్న దేశం.

పేద దేశాల్లో ఈ వ్యవస్థలు ఎక్కువగా దాతల సొమ్ము మీదే నిలబడ్డాయి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం స్తంభింపజేసినప్పుడు డీహెచ్ఐఎస్2 కోడ్‌లో ఒక్క గీత కూడా మారలేదు, ఎవరైనా ఇప్పటికీ దించుకోవచ్చు. సర్వర్ బిల్లు, జిల్లాల్లో శిక్షణ ఇచ్చేవాళ్ల జీతాలు సాయం నుంచే కడుతున్న చోట దించుకున్నంత మాత్రాన అది నడవదు. ఓస్లోలో ప్రధాన కోడ్ రాసే బృందం కూడా గ్రాంట్ల మీదే బతుకుతోంది. ఏళ్లుగా ఆ గ్రాంట్లు ఇచ్చినవాళ్లలో నార్వే ప్రభుత్వంతో పాటు అమెరికా సంస్థలూ ఉన్నాయి.